రెండుంబావు అంగుళాలు దించడానికి రెండు ఆదివారాలు

మా వాటర్ ప్లాంటులో బండికి క్యాన్లు ఎక్కించేది చిన్నాయన. నాకు వరసకు చిన్నాయన, వయసు 54, ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. 20 లీటర్ల క్యాను అంటే నీళ్ళే 20 కిలోలు, ఖాళీ క్యాను ముక్కాలు కిలో. పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఎనిమిదిన్నరకల్లా యాభై అరవై క్యాన్లు కింది నుంచి ఎత్తి వెనక బాడీలో పెట్టాలి. పోయిన డిసెంబర్లో ఒకరోజు ముప్పయ్యో క్యాను దగ్గర ఆగిపోయి, కుడి భుజం పట్టుకుని బండి వెనక చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

"ఈ బండి ఎత్తు జూడు అబ్బీ. అటక మీదికి బస్తా ఎక్కించినట్టుండాది" అన్నాడు.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే లేదు. టేపు తెచ్చి కొలిస్తే వెనక డోరు దించినాక నేల నుంచి పలక దాకా 35 అంగుళాలు వచ్చింది. మా ప్లాంటు ఎదురుగా గ్యాసు సిలిండర్ల బండి నిలబెడతారు, అదీ ఇదే రకం బొలెరో పికప్పే. వాళ్ళనడిగి దాన్నీ కొలిచాను. దానికి 33 లోపే ఉంది. మరి నా బండి ఒక్కటే ఎందుకు కాలు ఎత్తిన మేకపోతులాగా వెనక పైకి లేచి ఉందో తెలియాలంటే కింద పడుకుని చూడాల్సి వచ్చింది.

బండి నేను కొత్తది కొనలేదు. నా కంటే ముందు దీన్ని ఒకాయన పులివెందుల వైపు నుంచి చీనీకాయలు (బత్తాయిలు) తోలడానికి వాడుకున్నాడు. కాయల సీజన్లో ఎంత ఎక్కిస్తే అంత లాభం కాబట్టి వెనక కమాన్ కట్టల్లో, అంటే ఇరుసు మీద బరువు మోసే వంపు ఉక్కు పట్టీల కట్టల్లో (లీఫ్ స్ప్రింగులు), రెండు వైపులా రెండేసి పట్టీలు అదనంగా వేయించాడు. కింద పడుకుని చూస్తే స్పష్టంగా కనిపించాయి. కంపెనీ పట్టీల అంచులు ఒకలాగా కోసి ఉన్నాయి, మధ్యలో ఈ రెండూ గ్యాసు కట్టరుతో నరికినట్టు మొరటుగా ఉన్నాయి. మా వైపు ఇది కొత్త విషయమేం కాదు. సగం పికప్పులు ఇట్లాగే తిరుగుతుంటాయి. ఖాళీగా పోతుంటే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, డ్రైవరు నడుం పోతుంది. లోడు వేస్తే మాత్రం బండి వంగదు, అదే దాని గొప్ప.

నా బండి ఆర్సీలో మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే 1,250 కిలోలు వస్తుంది. అంటే నా లెక్కలో 60 క్యాన్లు అయితే అయిపోయినట్టే, మనుషులను కలుపుకుంటే 55. నాకు ఆ అదనపు పట్టీలతో పనే లేదు. పైగా అవి ఉన్నాయని బరువు ఎక్కువ వేస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. పట్టీలు బరువు మోస్తాయి కానీ చలానా కట్టవు కదా.

కడపలో కమాన్ల పని చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు, మా నాన్న ట్రాక్టరు ట్రాలీ కాలం నుంచి పరిచయం. విషయం చెబితే నవ్వాడు.

"పట్టీలు ఎక్కించుకునేటోళ్ళు రోజుకు ఇద్దరొస్తారన్నా. తీసేయమని వచ్చినోడివి నువ్వే."

పని ఆయన దగ్గరే చేయిస్తే ఒక పూటలో అయిపోయేది. కానీ షెడ్డులో లారీలు వరసగా ఉన్నాయి, సంక్రాంతి దాటినాక రమ్మన్నాడు. ఇంకో కారణం కూడా ఉంది. నాకు ఐటీఐ చదివిన బామ్మర్ది ఉన్నాడు. ఫిట్టరు ట్రేడు. "ఇంతదానికి షెడ్డుకెందుకు బావా, మనమే ఇప్పుదాం" అన్నాడు. భాయ్ ఏమీ నొచ్చుకోలేదు. ఎట్లా చేయాలో కూర్చోబెట్టి చెప్పాడు, ఒకే ఒక్క మాట మూడుసార్లు చెప్పాడు: "సెంటర్ బోల్టు దగ్గర జాగ్రత్త". మూడుసార్లు చెప్పినా మేం ఒకసారే విన్నామని తర్వాత తేలింది.

బామ్మర్ది ఊరికే వచ్చే రకం కాదు. ఫోనులో అమెరికా వాళ్ళ వీడియోలు పెట్టుకుని వచ్చాడు. అక్కడ సరదా కోసం పికప్పులను నేలకు బెత్తెడు ఎత్తుకు దించుతారట. ఇరుసు మీద కమాన్ కట్ట కూర్చుని ఉంటే, దాన్ని తిప్పి కట్టను ఇరుసు కిందికి మారుస్తారు. ఇరుసు గొట్టం లావు, కట్ట మందం కలిపి ఎంతుంటే అంత ఒకేసారి దిగిపోతుంది, అయిదారు అంగుళాలు. "మనమూ ఇట్ల జేస్తే చిన్నాయన కూర్చునే ఎక్కిస్తాడు బావా" అన్నాడు.

నేను మా వీధి చివర స్పీడ్ బ్రేకరు చూపించాను. రోడ్ల పుస్తకంలో స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేటట్టు ఉండాలని రాసి ఉంది. మా వీధివాళ్ళు సొంతంగా సిమెంటు తెచ్చి వేసుకున్నది చెరువు కట్టలాగా ఉంటుంది. దాని మీద అయిదంగుళాలు దించిన బండి ఎక్కితే అక్కడే ఉండిపోతుంది. బరువు మోసే బండికి కట్టను తిప్పడం మంచిది కాదు కూడా. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య సందు తగ్గిపోయి, లోడు పడగానే ఇరుసు పోయి ఛాసిస్‌కు గుద్దుకుంటుంది. ఇవన్నీ పక్కన పెట్టినా చట్టం ఒకటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అదే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) పోయినప్పుడు ఇన్‌స్పెక్టరు కింద వంగి చూస్తే ఏం సమాధానం చెబుతాం? మేం చేసేది అట్లా మార్చడానికి ఉల్టా పని, ఎవరో మార్చినదాన్ని కంపెనీ కొలతకు తేవడం. బామ్మర్ది ఫోను జేబులో పెట్టుకున్నాడు కానీ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం పని పెట్టుకున్నాం. శనివారం రాత్రే, కట్టను ఇరుసుకు బిగించి పట్టుకునే యూ బోల్టుల నట్లన్నిటికీ ఇనప బ్రష్షు కొట్టి, డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి నానబెట్టాను. పదేళ్ళ బురద, తుప్పు. నానకపోతే నట్టు రాదు, బోల్టే తిరుగుతుంది.

పొద్దున విప్పే ముందు కొలతలు తీసుకున్నాం. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా ఉన్నా లెక్క మారిపోతుంది. అందుకని చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా బాడీ అంచు దాకా కొలిచి సుద్దతో గోడ మీద రాశాను. కుడివైపు 22న్నర, ఎడమవైపు 22. అర అంగుళం తేడా ఎందుకొచ్చిందో అప్పుడు అర్థం కాలేదు. గాలి చూశాం, సమానంగా ఉంది. నేల వాటమేమో అని బండి తిప్పి నిలబెట్టి మళ్ళీ కొలిచాం. అదే తేడా.

మా వాకిలంతా కడప బండలే. ఇది మా ఊరి పేరు పెట్టుకున్న రాయే కానీ, జాకీ కింద దీన్ని నమ్మకూడదని నాకు ఆరోజే తెలిసింది. పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి అది. కింద మట్టి గట్టిగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది, కింద బోలుగా ఉంటే ఒకచోట పడిన బరువుకు పగిలిపోతుంది. కుడివైపు జాకీ ఎత్తుతుంటే టప్పుమని శబ్దం వచ్చింది. బండ అడ్డంగా చీలి జాకీ అడుగు అరంగుళం లోపలికి దిగింది. అప్పటికి చక్రాలు ఇంకా ఊడదీయలేదు, స్టాండు పెట్టలేదు, మా ఇద్దరిలో ఎవరమూ కింద లేము. జాకీ దించేసి, పాత తలుపు చెక్క రెండు ముక్కలు కోసి బరువు పరుచుకునేటట్టు అడుగున వేశాం. మా ఆవిడ వచ్చి బండ చూసింది, ఏమీ అనలేదు. ఆ బండ ఇప్పటికీ అట్లాగే ఉంది, ప్రతి శుక్రవారం కడిగేటప్పుడు మాత్రం నాకు వినబడేలా బకెట్టు పెడుతుంది.

ఇంకో సంగతి. వెనక చక్రాలు లేపినప్పుడు హ్యాండ్ బ్రేకు వేశాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అది పట్టుకునేది వెనక చక్రాలనే, అవి గాల్లో ఉన్నాయి. గేరులో పెట్టినా అంతే, ఇంజను తిప్పేది కూడా వెనక చక్రాలనే. బండిని ఆపేది ముందు చక్రాలకు రెండు వైపులా పెట్టిన రాళ్ళే. మేం నాలుగు పెద్ద రాళ్ళు పెట్టాం. ఛాసిస్ కింద రెండు స్టాండ్లు, ఇరుసు కింద వేరే జాకీ. ఇరుసును ఎంత కావాలంటే అంత మెల్లగా దించుకోవడానికి అది. షాకబ్జర్ల కింది బోల్టులు తీసేశాం, లేకపోతే ఇరుసు దిగదు. దించేటప్పుడు ఒక కన్ను బ్రేకు గొట్టం మీద ఉండాలి. అది లాగబడితే కథ వేరే అవుతుంది.

ఒక వైపు పూర్తిగా బిగించేదాకా రెండోవైపు ముట్టుకోవద్దని భాయ్ చెప్పాడు. రెండూ ఒకేసారి వదిలితే ఇరుసు తన చోటు నుంచి జరిగిపోతుంది, మళ్ళీ కూర్చోబెట్టడానికి నలుగురు కావాలి.

యూ బోల్టులు నానినా సులభంగా రాలేదు. పానాకు నాలుగడుగుల నీళ్ళ పైపు తొడిగి బామ్మర్ది వేలాడితే ఒక్కొక్కటే కిర్రుమంటూ కదిలాయి. ఇరుసు దించగానే కట్ట విడిగా నిలబడింది. మెయిన్ పట్టీ రెండు చివర్లా బుష్షుల్లో ఉంటుంది కాబట్టి దాన్ని తీయాల్సిన పనిలేదు, దాని కింది పట్టీలన్నిటినీ కలిపి పట్టుకుని ఉండేది మధ్యలో సెంటర్ బోల్టు ఒక్కటే. పక్కన క్లిప్పులు ఉంటాయి, వాటిని వంచి తెరిచేశాం.

ఇక్కడే తప్పు చేశాం. ఒక్కో పట్టీ వంపు ఒక్కో రకంగా ఉంటుంది. కింద పొట్టి పట్టీలకు వంపు ఎక్కువ. అన్నిటినీ బలవంతంగా ఒకదానికొకటి ఆనించి సెంటర్ బోల్టు బిగిస్తారు. అంటే బండి మీద బరువు లేకపోయినా ఆ కట్టలో బిగువు ఉంటుంది. అందుకే బోల్టుకు అటు ఒకటి ఇటు ఒకటి, పట్టీలను అదిమి పట్టే సీ క్లాంపులు పెట్టి, బోల్టు తీసినాక క్లాంపులు రెండూ కొంచెం కొంచెంగా వదలాలి. మా దగ్గర పెద్ద క్లాంపు ఒకటే ఉంది. ఒకటి చాలులే అనుకున్నాం. సెంటర్ బోల్టు నట్టు తుప్పుకు అంటుకుపోయి రాలేదు. గ్రైండరుతో కోద్దామన్నాడు బామ్మర్ది. ముప్పావు వంతు కోసేసరికి మిగతాది తనంతట తనే తెగింది. క్లాంపు లేని వైపు పట్టీలు విసనకర్రలాగా విచ్చుకున్నాయి, క్లాంపు వంకర తిరిగి ఎగిరి మా అమ్మ పెంచుకునే కరివేపాకు కుండీకి తగిలింది. కుండీ రెండు ముక్కలు. గ్రైండరు బామ్మర్ది చేతిలోనే ఉంది, తిరుగుతూనే ఉంది. ఒక నిమిషం ఇద్దరం మాట్లాడలేదు.

లోపల్నుంచి అమ్మ "ఏందిరా అది?" అని అరిచింది.

"కుండీ అత్తా" అన్నాడు వాడు. నిజమే చెప్పాడు, సగం.

అక్కడితో ఆపేసి నాగరాజుపేట దాకా పోయి ఇంకో రెండు క్లాంపులు కొనుక్కొచ్చాం. ఆదివారం కాబట్టి తెరిచిన షాపు వెతకడానికే గంటన్నర పట్టింది. ఆ గంటన్నర మొదటే పెట్టి ఉంటే కుండీ మిగిలేది.

కుడివైపు అదనపు పట్టీలు రెండూ బయటికి తీశాం. ఒక్కొక్కటి 8 మిల్లీమీటర్ల మందం. రెండూ తీస్తే మందం వల్ల దిగేది ముప్పాతిక అంగుళం కూడా ఉండదు. మిగతా దిగుడంతా కట్ట బిగువు తగ్గడం వల్ల వస్తుంది. ఖాళీ బండి బరువుకు కూడా వంగని కట్ట ఇప్పుడు కొంచెం వంగి కూర్చుంటుంది, అది అట్లా వంగడానికే కదా చేసింది. మిగిలిన కంపెనీ పట్టీలకు బ్రష్షు కొట్టి, మధ్యలో గ్రాఫైటు గ్రీజు పూసి, వరస మారకుండా పేర్చాం. రంధ్రాలన్నీ ఒక వరసకు తేవడానికి సన్నని కడ్డీ గుచ్చి, క్లాంపులు రెండు వైపులా సమానంగా బిగిస్తూ కొత్త సెంటర్ బోల్టు వేశాం. ఈసారి ఎవరం తొందరపడలేదు.

పాత యూ బోల్టులు బాగానే కనిపిస్తున్నాయి కదా అని నేను వాటినే తిరిగి వేద్దామనుకున్నాను. పెట్టి చూస్తే నట్టు మర చివరిదాకా పోయి ఆగిపోయింది, కట్ట మాత్రం వదులుగానే ఉంది. అదనపు పట్టీల కోసం పొడుగువి వేయించాడు పాత ఓనరు, ఇప్పుడు కట్ట పలచబడింది. నట్టు బిగుసుకుపోయింది కాబట్టి పట్టేసిందనుకుని వదిలేస్తే రోడ్డు మీద ఇరుసు జరిగిపోయేది. భాయ్‌కి ఫోన్ చేస్తే, పొడుగు సరిపోయినా పాతవి వేయకూడదని తిట్టాడు. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగిపోయి ఉంటుంది, మళ్ళీ అంత పట్టు ఇవ్వదు. సోమవారం ఆయన దగ్గరే కంపెనీ కొలతవి నాలుగు తీసుకున్నాను, నట్లతో కలిపి 880 రూపాయలు. అంటే మొదటి ఆదివారం ఒక్క వైపు కూడా పూర్తి కాలేదు. ఆ వారమంతా నీళ్ళు అద్దె ఆటోలో పంపాను. ఇంట్లో పని చేసుకుంటే ఖర్చు తగ్గుతుందనే వాళ్ళు ఆటో అద్దె కూడా లెక్కలో వేసుకుంటే బాగుంటుంది.

రెండో ఆదివారం కుడివైపు బిగించి ఎడమవైపు విప్పాం. అక్కడ అర అంగుళం తేడా సంగతి బయటపడింది. కంపెనీ పట్టీల్లో నాలుగోది సరిగ్గా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర రెండు ముక్కలై ఉంది. పైనా కిందా పట్టీలు అదిమి పట్టుకుని ఉండడం వల్ల బయటికి కనిపించలేదు. ఒక ముక్క అంచు తుప్పు పట్టి నల్లగా ఉంది, అంటే విరిగి చాలా కాలమయింది.

ముక్కలు తీసుకుని భాయ్ షెడ్డుకు పోయాను. ఆయన విరిగిన చోట బొటనవేలితో రుద్ది చూశాడు.

"యూ బోల్టు లూజుగా ఉన్న్యాదన్నా. లూజుంటే పట్టీ మధ్యలో ఊగుతాది, ఊగితే బొక్క కాడ్నే ఇరుగుతాది. ఆయన రెండు కొత్తవి ఎక్కించినాడు గానీ ఇరిగినదాన్ని చూసుకోలే."

ఎడమవైపే ఎందుకు అంటే, మన రోడ్లు మధ్యలో ఎత్తుగా ఉండి పక్కకు వాలి ఉంటాయి, ఎడమ పక్కన పోయే బండికి బరువు ఎప్పుడూ ఎడమకే వాలుతుంది, పైగా మార్జిన్ దిగి ఎక్కేది ఆ చక్రమే అన్నాడు. నాలుగో పట్టీ కొత్తది, అదే పొడుగు అదే వంపు చూసి ఇచ్చాడు. సాయంత్రం అయిదుకు ఎడమవైపు కూడా కూర్చుంది.

యూ బోల్టుల నట్లు గాల్లో ఉండగా పూర్తిగా బిగించలేదు. ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నది, ఇట్లా మూలలు మారుస్తూ సగం బిగించి, చక్రాలు వేసి బండి నేల మీద నిలబెట్టినాక మిగతా బిగువు ఇచ్చాం. షాకబ్జర్ బోల్టులు కూడా అంతే. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్షు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుంటుంది, కొన్నాళ్ళకే చినుగుతుంది.

కొలిచాం. నేల నుంచి పలకకు 32 ముప్పావు. కుడి ఎడమ తేడా రెండు మిల్లీమీటర్లు. బామ్మర్ది గోడ మీద సుద్దతో కొత్త అంకెలు వేసి చుట్టూ గుండ్రంగా గీత గీశాడు, ఇంటర్మీడియట్ మార్కులు అంత బాగా వచ్చినప్పుడు కూడా వాడు అంత సంతోషపడలేదని మా ఆవిడ అంటుంది.

అయిపోయిందనుకున్నాం.

చీకటి పడకముందే బైపాసు మీదికి తీసుకుపోయాను. ఎగరడం పోయింది, కొత్త బండిలాగా మెత్తగా ఉంది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట 40 స్పీడులో బ్రేకు గట్టిగా తొక్కి చూశాను. వెనక చక్రాలు బిగుసుకుపోయి తోక ఎడమకు కొట్టుకుపోయింది. పక్కన కూర్చున్న బామ్మర్ది డాష్‌బోర్డు పట్టుకుని, "బావా, బ్రేకు మనం ముట్టుకోలేదే!" అన్నాడు. నిజంగానే ముట్టుకోలేదు. ఇరవై స్పీడులో ఇంటికి తెచ్చి పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర లేదు, టెన్షన్.

పొద్దున భాయ్ షెడ్డులో గుంత మీద నిలబెట్టి చూస్తే తేలింది. ఈ బండ్లలో వెనక బ్రేకుకు లోడు చూసుకునే వాల్వు ఒకటి ఉంటుంది. అది ఛాసిస్‌కు ఉంటుంది, దాని నుంచి ఒక కడ్డీ ఇరుసుకు పోతుంది. లోడు వేస్తే బాడీ ఇరుసు వైపు దిగుతుంది, కడ్డీ ఆ సంగతి వాల్వుకు చేరుస్తుంది, వాల్వు వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ వదులుతుంది, చక్రాలు బిగుసుకోకుండా. పట్టీలు ఎక్కించి బండి లేపినప్పుడు వాల్వుకు బండి ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే అనిపించి వెనక బ్రేకు పట్టి ఉండదు. అప్పుడు ఎవరో మెకానిక్కు ఆ కడ్డీకి రెండంగుళాల ముక్క వెల్డింగ్ పెట్టి పొడిగించాడు. ఇప్పుడు నేను బండి దించాను, కడ్డీ పొడుగ్గానే ఉంది. ఖాళీ బండిలో వాల్వు మాత్రం నిండా లోడు ఉందనుకుంటోంది.

భాయ్ ఆ వెల్డింగ్ ముక్క చూపించి, "దీన్ని మాత్రం ఇంట్లో కోయాకన్నా" అన్నాడు. కడ్డీ కొత్తది తెప్పించి, కంపెనీ కొలతకు పెట్టి, ఖాళీగా ఒకసారి లోడుతో ఒకసారి తొక్కి చూసి ఇచ్చాడు. కడ్డీకీ కూలికీ కలిపి 1,600. నా మొత్తం పనిలో ఇదొక్కటే అసలైన ప్రమాదం. కుండీ పగలడం కాదు. విప్పింది కమాను, తప్పు చూపించింది బ్రేకు. మీ బండికీ పట్టీలు ఎవరైనా ఎక్కించి ఉంటే, తీసే ముందు ఆ కడ్డీ ఎక్కడుందో వెతికి చూసుకోండి, దానికి వెల్డింగ్ మచ్చ ఉందేమో చూడండి.

ఆ తర్వాత అనుమానం వచ్చి హెడ్‌లైట్లు కూడా గోడ మీద వేసి చూశాను. అనుకున్నట్టే. వెనక ఎత్తుగా ఉన్న రోజుల్లో వెలుతురు ముందు చక్రాల దగ్గరే పడుతోందని ఎవరో లైట్లు పైకి తిప్పి ఉంచారు. ఇప్పుడు వెనక దిగింది, లైటు ఎదురొచ్చేవాడి కంట్లో పడుతోంది. స్క్రూడ్రైవరుతో పది నిమిషాల పని.

లోడు పరీక్షకు 40 క్యాన్లు వేసుకుని గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగాను. ఆ మలుపుల్లో బండి పక్కకు ఒరగడం మునుపటి కంటే కొంచెం ఎక్కువే, అబద్ధం చెప్పను. పట్టీలు ఎక్కువున్నప్పుడు బండి చెక్కలాగా నిలబడేది, ఇప్పుడు కొద్దిగా వాలి తిరిగి సర్దుకుంటుంది. మొదటి రెండు మలుపుల్లో భయమేసింది, తర్వాత అలవాటైంది. బ్రేకు తిన్నగా పట్టింది. పైన ఆగి పాలకోవా కొని, బండి కింద వంగి చూశాను. 55 క్యాన్లకు రబ్బరు స్టాపుకూ ఇరుసుకూ మధ్య రెండు వేళ్ళ సందు మిగిలేలా ఉంది. ఇంటికొచ్చి 55 వేసి చూస్తే అంతే మిగిలింది. 200 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాను. నాలుగింట్లో మూడింటి నట్లు పావు తిప్పు తీసుకున్నాయి. పట్టీలు సర్దుకుంటాయి కాబట్టి ఇది తప్పనిసరి, వాయిదా వేసుకోవద్దు.

చిన్నాయనకు మేం చేసిన పని ఎవరూ చెప్పలేదు. భుజం నొప్పికి ఆయన కొన్ని వారాలు ఇంట్లోనే ఉన్నాడు. తిరిగొచ్చిన మొదటి రోజు పది పన్నెండు క్యాన్లు ఎక్కించినాక ఆగి, ఒక క్యాను మూత దగ్గర వంగి చూశాడు.

"ఏం అబ్బీ, ఈ పొద్దు నీళ్ళు వెల్తిగా పట్టినారా?"

బామ్మర్ది పకపకా నవ్వి గోడ మీద సుద్ద అంకెలు చూపించాడు. ఆయన వాటి వంక చూసి, బండి వంక చూసి, "ఇంకో రెండంగుళాలు దిగదా?" అన్నాడు.

ఏప్రిల్లో ఒక పెళ్ళికి 90 క్యాన్లు ఒకే ట్రిప్పులో కావాలన్నారు. రెండు ట్రిప్పులు తోలాను. డీజిలు దండగ అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. తీసిన నాలుగు పట్టీల్లో రెండింటిని కమ్మరి దగ్గర ఇచ్చి కొడవళ్ళు కొట్టించాం, ఇంకో రెండు వాకిట్లో పగిలిన బండ మీద అడ్డంగా వేసి ఉన్నాయి.